అంకుల్ లెక్క తప్పిన ఆదివారం

అంకుల్ పోయారని సోల్ ఫోన్ చేసినప్పుడు నేను సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో, మా హాస్పిటల్ క్యాంటీన్ ముందు కాఫీ కోసం లైన్లో నిలబడి ఉన్నాను. సోల్ రిటైరైన పళ్ళ డాక్టరు. మా సాఫ్ట్‌బాల్ జట్టులో క్యాచర్, అంటే మన క్రికెట్ లెక్కలో వికెట్ కీపర్. ఏడుస్తూ మొదలుపెట్టినవాడు రెండో వాక్యానికే నవ్వేశాడు.

"నిన్న సాయంత్రం నర్స్ వచ్చి, విజిటింగ్ టైమ్ అయిపోయింది, ఇంక అందరూ వెళ్ళిపోవాలి అంది. అంకుల్ కళ్ళు తెరిచి, 'సిస్టర్, నేను ఆర్గ్యూ చెయ్యడం లేదు, జస్ట్ అడుగుతున్నా, అందరూ అంటే నేను కూడానా?' అన్నాడు. అంతే మేట్. మళ్ళీ నోరు విప్పలేదు."

నేను పకపకా నవ్వాను. ముందున్నావిడ వెనక్కి తిరిగి కంగారుగా చూసింది. నవ్వుతుండగానే కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఆ మనిషితో వచ్చిన చిక్కే అది. తీరిగ్గా కూర్చుని ఏడుద్దామన్నా ఏడవనివ్వరు.

"ఆర్గ్యూ చెయ్యడం లేదు, అడుగుతున్నా" అనకుండా ఆయన ఏ వాదనా మొదలుపెట్టగా నేను చూడలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసు. బక్కపల్చటి మనిషి, చేటల్లాంటి చెవులు, ప్యాంటు బెల్టు దాదాపు చంకల దాకా. జట్టుకి పిచర్ ఆయనే. మేం ఆడే సాఫ్ట్‌బాల్‌లో బత్తాయంత బంతిని కింది నుంచి పైకి ఎగరేసి, అది గాల్లో పెద్ద వంపు తిరిగి బ్యాటర్ ముందు వాలేట్టు వెయ్యాలి. ఆ వంపు బాగాలేదని అంపైర్ అంటే అంకుల్ తాపీగా వెళ్ళి తన మొదటి ప్రశ్న అడిగేవారు. అంపైర్ జవాబు చెప్పబోయే సమయానికి చెవిలోని మిషన్ తీసి జేబులో వేసుకునేవారు. జవాబంతా అయ్యాక మళ్ళీ పెట్టుకుని రెండో ప్రశ్న అడిగేవారు.

జొహానెస్‌బర్గ్ నుంచి ఎప్పుడో సిడ్నీ వచ్చారట. ఏ వ్యాపారం చేశారో, ఎంత సంపాదించారో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వెనక జేబులో దువ్వెన మాత్రం ఎప్పుడూ ఉండేది. దువ్వుకోవడానికి తల మీద ఏమీ లేకపోయినా, బంతి వేసే ముందు ఒకసారి తీసి దువ్వుకునేవారు. బ్యాటర్లు అది చూసి నవ్వుతుండగా బంతి వేసేసేవారు.

నేను ఆ జట్టులో పడడం కూడా విడ్డూరమే. మా అమ్మాయి మేఘనకి ఆదివారం పొద్దున సెయింట్ ఐవ్స్‌లో టెన్నిస్ క్లాసు. అది ఆడుతున్నంత సేపూ నేను పక్క గ్రౌండు చుట్టూ నడిచేవాణ్ణి. ఒకరోజు బంతి ఒకటి కంచె దాటి నా మీదికి వచ్చింది. తెనాలిలో సందుల్లో క్రికెట్ ఆడిన చేతులు కదా, ఒట్టి చేతుల్తో పట్టేశాను. కంచె అవతల ముసలాళ్ళందరూ కొయ్యబారిపోయారు. వాళ్ళకి తొడుగు లేకుండా బంతి పట్టడమంటే పొయ్యి మీది గిన్నె వట్టి చేత్తో దించడం లాంటిది.

అంకుల్ కంచె దాకా వచ్చారు. "వయసెంత?"

"యాభై ఒకటి."

"మోకాళ్ళు?"

"ఒకటి బాగుంది."

"ఒకటి చాలా ఎక్కువ. మా దగ్గర పదిమందికి కలిపి నాలుగున్నాయి. లోపలికి రా, కుర్రాడా."

యాభై దాటినవాళ్ళ పోటీల్లో ఆడే యూదుల జట్టు అది. ఆ సంగతి తెలిశాక నేను నసిగాను. "మీ టీమ్‌లో ఆడాలంటే యూదుణ్ణి అయుండాలి కదా?"

"ఆడ్డానికి అక్కర్లేదు. కంప్లైంట్ చెయ్యడానికి అయుండాలి. అది కూడా మెల్లిగా వస్తుందిలే," అన్నారాయన.

పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు. అలవాటు కొద్దీ అంకుల్ అన్నాను. "ఎవరికి అంకుల్‌ని? మా అన్నకి పిల్లలు కూడా లేరు," అని ఆయన ఆశ్చర్యపోయారు. నెల తిరిగేసరికి ఆయనకన్నా పెద్దవాళ్ళు కూడా ఆయన్ని అంకుల్ అనడం మొదలుపెట్టారు. అవతలి జట్లవాళ్ళకీ అదే పేరు పాకిపోయింది.

నా మొదటి మ్యాచ్ గురించి ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. బంతి బలంగా కొట్టాను. అక్కడ కొట్టాక బ్యాట్ కింద పడేసి పరిగెత్తాలి. నేను బ్యాట్ పట్టుకునే పరిగెత్తాను. అంతటితో ఆగినా బాగుండేది. మొదటి బేస్, అంటే పరుగులో మొదటి మజిలీ, దగ్గరికి రాగానే ముందుకు వంగి, బ్యాట్ చాచి, క్రికెట్‌లో క్రీజులో ఆనించినట్టు ఆనించాను. అవతలి జట్టు ఫీల్డరు కింద కూలబడి నవ్వాడు. మేఘన మొహం రెండు చేతుల్తో కప్పుకుంది.

"డాడ్, యూ రాన్ విత్ ద బ్యాట్? సీరియస్లీ?"

అంకుల్ మాత్రం అంపైర్ దగ్గరికి వెళ్ళారు. "నేను ఆర్గ్యూ చెయ్యడం లేదు, అడుగుతున్నా. బ్యాట్ ఇంటికి తీసుకెళ్ళకూడదని రూల్ ఎక్కడుంది?"

మా ఆవిడ పద్మ ఒకసారి అందరికీ పులిహోర చేసి పంపింది. సగం మంది లొట్టలేసుకుని తిన్నారు. అంకుల్, ఇంకో ఇద్దరు వాసన చూసి, ఆహా ఓహో అని, తిరిగి డబ్బాలో పెట్టేశారు. వాళ్ళ ఆచారం ప్రకారం వండిన గిన్నె కూడా వేరుగా ఉండాలట, పాలవి పాలకి, మాంసానివి మాంసానికి. పద్మకి చెబితే ముందు మొహం ముడుచుకుంది.

"అంత ప్యూర్ వెజిటేరియన్ కిచెన్ మనది. మనింట్లో తినకపోవడమేంటండీ?"

"గిన్నెలు వేరుండాలిట. బయటివాళ్ళు వండింది ముట్టుకోరట."

"ఓ, మడా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! మా బామ్మా అంతే, తొక్క తియ్యని పండు తప్ప ఎవరింట్లో ఏదీ ముట్టేది కాదు." అంతే, సమస్య తీరిపోయింది. ఆ వారం నుంచి అంకుల్‌కి ప్రతి ఆదివారం ఒక అరటి గెల ముక్క వెళ్ళేది. ఆయన మూడో ఇన్నింగ్స్‌లో ఒకటి, ఐదో ఇన్నింగ్స్‌లో ఒకటి తినేవారు. మధ్యలో ఎవరన్నా అడిగితే ఇచ్చేవారు కాదు.

ఆయనకి నాకు గట్టి స్నేహం కలిపింది మాత్రం ఒక మూఢనమ్మకం. మనుషుల్ని వేలుపెట్టి ఒకటి, రెండు అని లెక్కపెడితే దిష్టి అని వాళ్ళ నమ్మకం. అందుకని అంకుల్ మ్యాచ్‌కి ముందు మమ్మల్ని నిలబెట్టి, "ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు" అంటూ లెక్కపెట్టేవారు. అది విని నేను మా తాతయ్య సంగతి చెప్పాను. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఆయన మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు.

అంకుల్ దువ్వెన జేబులోంచి తీసి, ఆలోచించి, మళ్ళీ పెట్టేశారు. "మీ తాత మా వాళ్ళకన్నా తెలివైనవాడు. మేం కాదు కాదు అంటాం. ఆయన ఏకంగా ప్రాఫిట్ రాసేసుకున్నాడు." ఆ రోజు నుంచి జట్టుని లెక్కపెట్టేటప్పుడు సోల్ దగ్గర మొదలుపెట్టి "లాబం, రెండు కాదు, మూడు కాదు" అనేవారు. ఒత్తు ఎంత నేర్పినా పలకలేదు.

ఇంత లాభంతో మొదలుపెట్టినా మేం ఏ టోర్నమెంట్‌లోనూ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. "ఓడితే ఓడదాం, కానీ లేటుగా ఓడదాం" అనేది ఆయన సిద్ధాంతం. నడుం పట్టేసిందని, బూటు లేసు ఊడిందని, ఆటని ఎంత దూరం సాగదియ్యొచ్చో అంత దూరం సాగదీసేవారు. ముందు అవతలివాళ్ళకి ఆకలెయ్యాలి, అప్పుడే తప్పులు చేస్తారని ఆయన ఆశ. వాళ్ళు మాత్రం శాండ్‌విచ్‌లు తెచ్చుకునేవారు.

అలాంటి మనిషి తొందరపడడం నేను ఒక్కసారే చూశాను. జూన్ లాంగ్ వీకెండ్‌లో, సిడ్నీకి మూడు గంటల దూరంలో ఉన్న బాథర్స్ట్‌లో, టోర్నమెంట్‌కి వెళ్ళినప్పుడు.

శనివారం వాళ్ళ మతంలో విశ్రాంతి రోజు, మావాళ్ళు ఆడరు. ఆదివారం పొద్దున్నే చిన్న బస్సులో బయల్దేరాం. ఇద్దరికి ఫ్లూ వచ్చి మానేశారు. అంకుల్ బస్సు మెట్టు మీద నిలబడి ఎక్కినవాళ్ళని ఎక్కినట్టు లెక్కపెట్టారు. "తొమ్మిది కాదు, పది కాదు! చాలు, పోదాం పద!" అని డ్రైవర్ భుజం తట్టారు. మొహం వెలిగిపోతోంది. ఆటకి పదిమంది కావాలి కదా, అందుకని సంబరం అనుకున్నాను.

సంగతి అది కాదు. ఆ రోజు అంకుల్ వాళ్ళ అమ్మగారి తద్దినం. వాళ్ళకీ మనలాగే ఇంగ్లీషు తారీకుతో పనిలేదు, చంద్రుడి తిథే లెక్క. ఆ రోజు కొడుకు కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలి. ఒంటరిగా చెబితే చెల్లదు. పెద్దవాళ్ళైన యూదు మగవాళ్ళు పదిమంది కూడాలి. ముందురోజు రాత్రిదీ, తెల్లవారుజాముదీ సిడ్నీలో వాళ్ళ మందిరంలో చెప్పుకునే వచ్చారు. మధ్యాహ్నానిది మిగిలింది, సూర్యుడు అస్తమించేలోగా అయిపోవాలి. ఆమె పోయినప్పటి నుంచి ఒక్క ఏడాది, ఒక్క పూట తప్పలేదట. బస్సులో పదిమంది ఉన్నారు కాబట్టే ఆయన బయల్దేరారు. లేకపోతే ఆ రోజు సిడ్నీ దాటేవారే కారు.

మ్యాచ్ మొదలవడమే ఆలస్యమైంది. అయితే దేవుడి దయో, అవతలివాళ్ళ నడుం నొప్పులో, చివరి ఇన్నింగ్స్‌కి మేం ఒక పరుగు ముందున్నాం. ఎప్పుడూ చూడని వింత. ఇక అవతలివాళ్ళ బ్యాటింగ్ ఒక్కటే మిగిలింది. మధ్యలో చిన్న విరామం. ఎండ అప్పటికే నారింజ రంగుకి తిరిగింది. "రండి, రండి, ప్రార్థన కానిచ్చేద్దాం," అని అంకుల్ అందరినీ కూడేశారు. అలవాటుగా సోల్ లెక్కపెట్టాడు, తొమ్మిది దగ్గర ఆగిపోయాడు.

"ఇంకొకడేడీ?" అన్నారు అంకుల్.

"ఇంకెవరూ లేరు."

"లేకపోవడమేంటి? పొద్దున బస్సులో పదిమందిని ఎక్కించా. ఇడుగో." నా భుజం మీద చెయ్యి వేశారు.

సోల్ మెల్లిగా అన్నాడు. "అంకుల్, వీడు హిందువు."

"హిందువని నాకు తెలీదా? మూడేళ్ళుగా వీళ్ళావిడ పంపిన అరటిపళ్ళు తింటున్నా!" అని గట్టిగా అరిచి, ఆ అరుపు మధ్యలోనే ఆగిపోయారు. చెయ్యి మాత్రం నా భుజం మీదే ఉండిపోయింది. అలాగే వెనక్కి జరిగి బెంచీ మీద కూర్చున్నారు.

"నన్ను కలుపుకోండి. ఈ ఒక్కరోజుకే. ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను," అన్నాను సోల్‌తో.

"చెయ్యొచ్చు. యూదుడివి కావాలంటే రెండేళ్ళు చదవాలి, ఒక చిన్న ఆపరేషన్ కూడా ఉంటుంది. ఇప్పుడు మన దగ్గర అరగంటే ఉంది."

అంకుల్ లేచారు. "కుర్రాడా, నువ్వు ఫీల్డింగ్‌కి రాకు. ఈ గ్రౌండ్లన్నీ తిరిగి ఒక యూదుణ్ణి పట్టుకురా."

"అంకుల్! తొమ్మిదిమందితో ఆడితే మ్యాచ్ పోతుంది!" అని సోల్ మొత్తుకున్నాడు. "జన్మలో మొదటిసారి గెలవబోతున్నాం!"

"పోతే పోనీ. మ్యాచ్ మళ్ళీ ఓడొచ్చు. పరిగెత్తు!"

పరిగెత్తాను. తెనాలిలో పుట్టినవాణ్ణి, బాథర్స్ట్ చలిలో, కనిపించిన ప్రతి ముసలాయన్నీ ఆపి, "ఎక్స్‌క్యూజ్ మీ, మీరు యూదులా?" అని అడుగుతూ. బార్బెక్యూ దగ్గర సాసేజీలు తిప్పుతున్నాయన తీరిగ్గా ఆలోచించాడు. "కాదు మేట్, ప్లంబర్‌ని." ఇంకొకాయన, నేనేదో మతం పుచ్చుకోమంటున్నాననుకుని, చేతులు జోడించి కారెక్కేశాడు. మూడోవాడు తనకి తెలిసిన డెంటిస్టు యూదుడేనన్నాడు. వివరాలడిగితే సోలే.

అటు మా గ్రౌండు మీంచి కేకలు వినిపిస్తున్నాయి. నేను ఉండాల్సిన మూలకే అవతలివాళ్ళు గురిచూసి కొడుతున్నారు. స్కోరు సమానమైంది. నేను వగరుస్తూ స్కోరర్ల టేబుల్ దగ్గర ఆగాను. శాలువా కప్పుకున్న పెద్దావిడ అంకెలు రాస్తోంది. చివరి ఆశగా ఆవిడకే సంగతి చెప్పి అడిగాను.

"నేను యూదురాలినే. పనికొస్తానా?"

నేను టోపీ తీసి తల గోక్కున్నాను.

"పనికిరాను, నాకు తెలుసు. ఆడవాళ్ళని లెక్కపెట్టరు, అన్నం వండడానికి మాత్రం పిలుస్తారు." ఆవిడ పెన్నుతో పిచ్ వైపు చూపించింది. "మా తమ్ముడు పనికొస్తాడు. అదిగో, మాస్క్ పెట్టుకుని మీవాడి చేత తిట్లు తింటున్నాడే, వాడే. మా నాన్న పోయినప్పుడు కూడా ఆ నాలుగు మాటలూ చెప్పలేదు. నేను చెప్పానని చెప్పకు."

అంపైర్! మధ్యాహ్నం నుంచి అంకుల్ చేత, రకరకాల ప్రశ్నల రూపంలో, గుడ్డివాడని అనిపించుకుంటున్న అంపైర్!

గ్రౌండు మధ్యలోంచే పరిగెత్తి ఆయన చెవిలో చెప్పాను. ఆయన చెయ్యెత్తి ఆట ఆపాడు. మాస్క్ తియ్యలేదు. "నేను కావలసింది ఆయనకైతే ఆయన్నే వచ్చి అడగమను."

అంకుల్ వచ్చారు. నడకలో తొందర, మొహంలో బెదురు. ఈసారి చెవి మిషన్ తియ్యలేదు.

"నన్ను గుడ్డివాణ్ణన్నావు," అన్నాడు అంపైర్.

"అన్నాను. గుడ్డివాళ్ళు పదిమందిలో లెక్కకొస్తారు. మన శాస్త్రంలో స్పష్టంగా ఉంది."

మాస్క్ వెనక ఏదో చప్పుడైంది. నవ్వో, దగ్గో. "నాకు మాటలేవీ గుర్తులేవు."

"ఆమెన్ గుర్తుందా? అది చాలు. ప్లీజ్. మా అమ్మ కోసం."

ఆయన మాస్క్ తీసి, టోపీ సరిగ్గా పెట్టుకున్నాడు. జెరూసలేం ఉన్న దిక్కు సరిగ్గా ఎడమ ఫీల్డ్ వైపుంది, సూర్యుడు కుంగుతున్న వైపే. పదిమంది అటు తిరిగి నిలబడ్డారు. ప్రార్థన అని తెలిసి అవతలి జట్టువాళ్ళు మర్యాదగా టోపీలు తీశారు. మావాళ్ళు మర్యాదగా టోపీలు పెట్టుకున్నారు. నేను ఏ వైపు చేరాలో తెలియక టోపీ సగం ఎత్తి పట్టుకున్నాను.

గబగబా గొణుక్కుంటూ ప్రార్థన అయింది. కద్దిష్ దగ్గరికి వచ్చారు. అంకుల్ వేగంగానే మొదలుపెట్టారు. నాలుగు మాటలయ్యాక పక్కనుంచి ఇంకో గొంతు, బొంగురుగా, ఒక మాట వెనకబడి, వినిపించింది. అంపైర్ ఆయన వెంట పలుకుతున్నాడు. గుర్తులేదన్న మాటలే. అంకుల్ ఒక్కసారి పక్కకి చూశారు. అప్పటికి సూర్యుడు సగం మునిగిపోయాడు. అంకుల్ ఆగారు. ఒక మాట పలికి, అతను అందుకునే దాకా ఎదురుచూసి, ఇంకో మాట పలికారు. మధ్యలో అంపైర్ గొంతు ఆగిపోతే ఆయనా ఆగారు. స్కోరర్ల టేబుల్ దగ్గర పెద్దావిడ లేచి నిలబడి ఉంది. అందరూ ఆమెన్ అన్నప్పుడు నేనూ అన్నాను. నన్ను ఎవరూ ఆపలేదు. సోల్ ముక్కు చీదుకున్నాడు.

కద్దిష్ అయిపోయింది. సూర్యుడి అంచు ఇంకా కనిపిస్తూనే ఉంది.

అంపైర్ కళ్ళు తుడుచుకుని, మాస్క్ పెట్టుకుని, ఆకాశం చూసి ప్రకటించాడు. "వెలుతురు చాలదు. ఆట ఆపేస్తున్నాం. స్కోర్లు సమానం, డ్రా."

"ఏంటీ? ఇంత వెలుతురుంటే? నేను ఆర్గ్యూ చెయ్యడం లేదు..."

"ఇందాకే కదయ్యా పొద్దు గుంకిపోతోంది, త్వరగా రమ్మన్నావు!"

"అది దేవుడి లెక్క. ఇది సాఫ్ట్‌బాల్ లెక్క!"

ఇద్దరూ అలా చీకటి పడే దాకా వాదించుకున్నారు, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని. మా జట్టు చరిత్రలో ఓడకుండా బయటపడిన మొదటి మ్యాచ్ అది. తిరుగు బస్సులో పాటలే పాటలు. అంకుల్ నా పక్కన కూర్చుని ఊరికే కిటికీలోంచి చూస్తున్నారు.

"డెబ్బై ఏళ్ళుగా పదిమందిని లెక్కపెడుతున్నా. ఒక్కసారీ తప్పలేదు," అన్నారు చివరికి.

"పర్లేదు అంకుల్."

"పర్లేదా? మా అమ్మ తద్దినం పోయేది!" అని కసిరి, మళ్ళీ కిటికీ వైపు తిరిగి, "నిన్ను లెక్కపెట్టినప్పుడు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. అదే నాకు అర్థం కావట్లేదు," అన్నారు.

నాకు అర్థమైంది. చెబితే వాదిస్తారని ఊరుకున్నాను.

సోల్ ఫోన్ వచ్చిన మర్నాడే అంత్యక్రియలు. నేను జనం వెనక, ఒక చెట్టు పక్కన, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడ్డాను. సోల్ వెతుక్కుంటూ వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడేం చేస్తున్నావు? పద, పెట్టె మొయ్యాలి. నువ్వు ముందు వైపు."

"నేనా? నేను మొయ్యొచ్చా?"

"బాథర్స్ట్ నుంచి వచ్చిన వారంలోనే అంకుల్ చెప్పిపెట్టాడు. 'పదిమందిలో వాణ్ణి కలపడానికి రూల్ ఒప్పుకోదు, సరే. మోసేవాళ్ళలో కలపడానికి ఏ రూలూ అడ్డం లేదు, కనుక్కున్నా' అన్నాడు."

మా వైపు ఒకరి పాడె మొయ్యడానికి పిలిచారంటే ఆ ఇంటి మనిషివని చెప్పినట్టే. వెళ్ళి ముందు కొస కింద భుజం పెట్టాను. మిగతా ఐదుగురూ జట్టువాళ్ళే, అందరూ డెబ్బై దాటినవాళ్ళు. దారిలో మాటిమాటికీ ఆగి ఆగి నడవడం వాళ్ళ ఆచారమట. ఆచారం కాకపోయినా మావాళ్ళు ఆగేవారే. రెండోసారి ఆగినప్పుడు, నా వైపు ఎత్తుగా ఉండి బరువంతా తమ మీదికి వస్తోందని వెనక నుంచి సోల్ గొణిగాడు. నేను భుజం కాస్త దించి, వాళ్ళతో సమంగా నడిచాను.